విద్యావార్తలు: గణనక్రమ పరిశోధనమును మన కుమార్తెలును



గడచిన రెండుమూడు మాసములుగా మాకు వచ్చుచున్న యుత్తరములలో ఒకే ప్రశ్న పలుమారులు కనబడుచున్నది. కుమార్తె ఇంజనీరింగు చదువు ముగించుచున్నది. ఒక సంస్థవారు ఉద్యోగ మిత్తుమనుచున్నారు. పిల్ల మాత్రము “ఆల్గారిథములలో పరిశోధనము చేసెదను, ఇంకను అయిదేండ్లు చదివెదను” అనుచున్నది. ఇంటి పెద్దలకు ఇది బోధపడుట లేదు. లెక్కచేయు యంత్రమే యుండగా ఇంక శోధింపవలసిన దేమున్నది? ఈ యైదేండ్ల వ్యయ మెవరు భరింతురు? పెండ్లి మాట యేమి? ఒక తల్లి యైతే, “అది యేమి శాస్త్రమో మీరు చెప్పినచో దాని తండ్రిగారికి నచ్చజెప్పుకొందును” అని వ్రాసినది. ఆమె కోరిక న్యాయమైనది. కావున ఈ మాసపు మా పుట నంతయు దానికే వినియోగించుచున్నాము.

ఆల్గారిథ మనగా ఒక పనిని తప్పక ముగించునట్టి మెట్ల వరుస. 9వ శతాబ్దమున బాగ్దాదునం దుండిన అల్ ఖ్వారిజ్మీ యను గణితవేత్త మన దేశపు అంకెలతో లెక్కలు చేయు విధమునుగూర్చి యొక గ్రంథము వ్రాసెను. అది లాటిను భాషలోనికి పోగా, ఆయన పేరే ఆ విధానమునకు పేరై నిలిచినది. మేము దీనిని గణనక్రమ మందుము. దీనిని వంటతో పోల్చి చెప్పువారు గలరు. ఆ పోలిక మాకంతగా రుచింపదు. వంటలో చేతివాటము చాలవరకు నడపును. ఇందు చేతివాటమునకు చోటు లేదు. అంతకంటె దగ్గరి పోలిక మన ఛందశ్శాస్త్రముననే యున్నది.

మేము బడి మెట్లెక్కినవారము కాము; ఇంటనే పెద్దలయొద్ద కావ్యములును ఛందస్సును చదివినవారము. మావలె చదివినవారికి ప్రస్తారము తెలిసినదే. పాదమున కిన్ని యక్షరములని నిర్ణయించుకొని, గురులఘువుల నెన్ని విధముల మార్చవచ్చునో అన్ని విధములను వరుసగా వ్రాయుట ప్రస్తారము. పింగళుడు సూత్రించిన దీనిని తరువాతి లాక్షణికులు విశదపరచిరి. ఉత్పలమాల పాదమున 20 అక్షరములు. ఇరువది యక్షరముల ఛందమునకు ‘కృతి’ యని పేరు. దాని ప్రస్తారమున మొత్తము 10,48,576 వృత్తములు పుట్టును. వానిలో మన యుత్పలమాల యెన్నవది?

మొదటినుండి వ్రాసికొనుచు పోయి చూతమన్నచో, నిమిషమున కొక వరుస చొప్పున రేయింబవళ్లు వ్రాసినను ఎనిమిది మాసములు పట్టును. ఉద్దిష్టమను పద్ధతి తెలిసినవారికి అంత పని లేదు. పాదమునందలి గురులఘువులను వరుసగా వ్రాసి, మొదటి యక్షరము క్రింద 1, రెండవదాని క్రింద 2, మూడవదాని క్రింద 4, నాల్గవదాని క్రింద 8, ఇట్లు రెట్టింపుచు కడవరకు పోవలెను. పిదప లఘువుల క్రింది యంకెలను మాత్రము కూడి, దానికి ఒకటి చేర్చవలెను. భ, ర, న, భ, భ, ర, ల, గ లలో లఘువులు పండ్రెండు. ఆ పండ్రెండంకెలను కూడి ఒకటి చేర్చినచో 3,55,799 వచ్చును. పలక చేతనున్నవారు ఇప్పుడే చేసి చూడవచ్చును.

ఎనిమిది మాసముల పని యైదు నిమిషములలో ముగిసినది. యంత్రమునకును ఇదే న్యాయము. పాదమునకు 100 అక్షరములనుకొందము. ఆ ప్రస్తారమును సెకనుకు వేయికోట్ల వరుసల చొప్పున వ్రాయు యంత్రమున్నను, అది ముగియుటకు నాలుగు లక్షల కోట్ల సంవత్సరములు పట్టును. ఉద్దిష్టము తెలిసిన బాలిక నూరంకెలకు మించకుండ కూడి జవాబు చెప్పును. యంత్ర ముండగా శోధింపవలసిన దేమున్నదని యడుగు తండ్రులకు మే మీ లెక్కనే చూపెదము. ఇట్టి దగ్గరి దారులను కనుగొనుటయు, కొన్ని ప్రశ్నలకు దగ్గరి దారి లేనే లేదని నిరూపించుటయు ఈ పరిశోధకుల పని.

పాత పద్ధతులన్నియు పెద్దలెప్పుడో కనుగొనియుందురుగదా యని కొందరందురు. ఒక యూరినుండి మరియొక యూరికి పోవు బాటలలో నతి చిన్నదానిని కనుగొను క్రమమును 1956లో డైక్‌స్ట్రా యను డచ్చి గణితవేత్త ఊహించెను. తనకు నిశ్చయమైన కన్యతో ఆమ్‌స్టర్‌డాం నగరమున అంగళ్లు తిరిగి యలసి, ఒక కాఫీశాలలో కూర్చుండి, కాగితము కలము లేకయే 20 నిమిషములలో దానిని కనుగొంటినని ఆయనయే చెప్పుకొనెను. (ఆ కన్యయు ఆ గణితకేంద్రముననే పనిచేయుచుండెను. కాఫీ త్రాగుచు ఆమె యేమి యాలోచించినదో యెవరును వ్రాసిపెట్టలేదు.) 1959లో అది యచ్చుపడినది. నాటినుండి దానినే పాఠశాలలలో చెప్పుచున్నారు. అట్టిదానిని 2025 జూనులో ప్రాగు నగరమున జరిగిన మహాసభలో బీజింగునందలి సింగ్వా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు రాన్ డువానును ఆయన సహచరులును మించిరి. బాటలు పలుచగానున్న మిగుల పెద్ద పటములపై డైక్‌స్ట్రా క్రమముకంటె తక్కువ మెట్లతో నడచు క్రమమును చూపి ఉత్తమవ్యాస బహుమానమును పొందిరి. ఆరు పదుల యేండ్లు పండితులెల్లరు చూచిన దారిలో ఇంకను సందు మిగిలియున్నది.

మన దేశమున జరిగినదానిని చెప్పవలసినచో కాన్పూరు మాట ముందు రావలెను. ఒక సంఖ్య అభాజ్యమగునా కాదా యని నిస్సంశయముగను త్వరితముగను తేల్చు క్రమము కలదా యన్నది చిరకాలపు ప్రశ్న. 2002 ఆగస్టులో కాన్పూరు ఐ.ఐ.టి.యందలి మణీంద్ర అగ్రవాలుగారును, అప్పుడే బి.టెక్. ముగించిన నీరజ్ కాయల్, నితిన్ సక్సేనా యను నిద్దరు విద్యార్థులును కలదని నిరూపించిరి. 2006లో వారికి గోడెల్ బహుమాన మిచ్చిరి. ఆ నిరూపణము మొదట తొమ్మిది పుటల వ్యాసము. దానికై కొన్న యంత్రములు లేవు, కట్టిన ప్రయోగశాల లేదు. పిల్లను దూరదేశమునకు పంపినగాని పరిశోధనము కాదనువారు ఈ విషయము గమనింతురు గాక.

మరి స్త్రీల మాట? కంప్యూటరు శాస్త్రమునం దత్యున్నతమైన ట్యూరింగ్ బహుమానమును 1966 మొదలు 2024 వరకు పొందినవారిలో స్త్రీలు ముగ్గురే: 2006లో ఫ్రాన్సెస్ ఆలెన్, 2008లో బార్బరా లిస్కోవ్, 2012లో షాఫీ గోల్డ్‌వాసర్. ఈ మూడవ యామె తన సహచరులతో కనిపెట్టినది వినదగినది. ఒక రహస్యములో నణుమాత్రమును బయటపెట్టకయే, ఆ రహస్యము తనయొద్ద కలదని ఎదుటివారిని నమ్మించుట సాధ్యమని వారు నిరూపించిరి. ఇది స్త్రీలవలననే కాదగిన పనియని మా యింట నొకరు పరిహసించిరి గాని, రహస్యలేఖన శాస్త్రమున కిది యొక మూలస్తంభము.

మన తెలుగువారిలో ట్యూరింగ్ బహుమానము 1994లో రాజ్ రెడ్డిగారికి వచ్చినది. ఆయన చిత్తూరు జిల్లా కాటూరున జన్మించినవారు. వారి కృషి యంత్రములకు మాట వినిపించుటయందు. గణనక్రమ సిద్ధాంతము కాదు.

కంప్యూటరు శాస్త్రమునందలి గణితభాగమునకు ప్రత్యేకించిన మరియొక గౌరవము కలదు. అంతర్జాతీయ గణిత సంఘమువారు నాలుగేండ్ల కొకసారి యిచ్చునట్టి నెవాన్లిన్నా పతకము అది; 2022 నుండి దానికి అబాకస్ పతకమని పేరు మార్చిరి. 1982 మొదలు 2022 వరకు పదునొకండుగు రిది పొందిరి. మద్రాసున జన్మించిన మధుసూదనుగారు 2002లో పొందిరి. ఆ పదునొకండుగురిలో స్త్రీ యొక్కతెయు లేదు. 40 ఏండ్లు మించినవారి కీ పతక మీయరు. ఇరువదియైదు మొదలు నలువదివరకు గల పదునైదేండ్లలో స్త్రీకి గృహమున నేమేమి జరుగునో మన చదువరులకు మేము చెప్పనక్కరలేదు. ఈ నియమము స్త్రీల నుద్దేశించి చేసినది కాకపోవచ్చును. దాని భారము మాత్రము స్త్రీలమీదనే పడుచున్నదని మా నిశ్చితాభిప్రాయము. ఒంటరితనమును పోగొట్టుకొనుటకు ఈ శాస్త్రమునందలి స్త్రీలే 2008లో ప్రిన్స్‌టన్‌లో ‘సిద్ధాంతమున స్త్రీలు’ అను పేర విద్యార్థినులకు ఒక సభ నారంభించి, తరువాతను పలుచోట్ల జరిపిరి. మన దేశమున ఐ.ఐ.టి.లలో 2016లో నూటికి ఎనిమిదిమందియే బాలికలుండగా, 2018 నుండి బాలికలకై అదనపు స్థానములు కల్పించిరి. తలుపు తెరచిరి. లోన నిలుచుటకు ఇంటివారి సాయము కావలెను.

ఇక వ్యయము. పరిశోధనకు చేరిన విద్యార్థినికి ఇంటినుండి పంపవలసినది సాధారణముగా నుండదు. ఆమెకే వేతన మిత్తురు. కేంద్రప్రభుత్వపు ఉపకారవేతనమును 2023 జనవరి నుండి హెచ్చించి, మొదటి రెండేండ్లు నెలకు 37,000 రూపాయలు, తరువాత 42,000 రూపాయలుగ నిర్ణయించిరి. ఇది పెద్ద సంస్థలిచ్చు జీతముకంటె తక్కువ. తరువాత దొరకవలసిన అధ్యాపక పదవులును కొలదిగానే యుండును. పెద్దలయొద్ద ఈ మాట దాచి పిల్లను పంపుట మాకు సమ్మతము కాదు.

చేరుటకు పలు ద్వారములున్నవి. ఫిబ్రవరిలో జరుగు గేట్ పరీక్ష ఐ.ఐ.టి.లకును, బెంగుళూరు విజ్ఞానసంస్థకును, మరి పెక్కింటికిని ద్వారము. బొంబాయి టాటా మౌలిక పరిశోధన సంస్థవారును, చెన్నై గణిత విద్యాసంస్థవారును వేరుగ తమ పరీక్షలను నడపుదురు. బి.టెక్. పిమ్మటనే నేరుగా డాక్టరేటునకు చేర్చుకొను చోట్లును గలవు. హైదరాబాదున 1998లో స్థాపితమైన ట్రిపుల్ ఐ.టి.లో గణనక్రమ సిద్ధాంతమునకు ఒక ప్రత్యేక కేంద్రమున్నది. సంగారెడ్డి దగ్గర కందిలోని ఐ.ఐ.టి. సమీపముననే యున్నది. పరీక్షలో మార్కులు పిలుపు వచ్చుటకు మాత్రమే. ఆపై ఆచార్యులు ఎదుట కూర్చుండబెట్టుకొని, పిల్ల వినని ప్రశ్న యొకటి యిచ్చి, ఆమె తడబడుచు ఎట్లాలోచించునో చూతురు. కావున బట్టీయము ఇక్కడ పనికిరాదు. ఇంటర్మీడియటు చదువుచున్న బాలికలకైనచో, చెన్నై గణిత విద్యాసంస్థయందు గణితమును కంప్యూటరు శాస్త్రమును కలిపి చెప్పు బి.ఎస్‌సి. ఆనర్సు తరగతి కలదు.

తండ్రికిని కుమార్తెకును వాదము పెరుగకముందే చేయదగిన పని యొకటి మాకు తోచుచున్నది. మూడవ యేటి వేసవిలో పిల్లను రెండు మాసములు ఒక పరిశోధన సంస్థకు పంపుడు. టాటా సంస్థవారును, దేశమందలి విజ్ఞాన అకాడమీలవారును వేసవి విద్యార్థులను పిలిచి భత్యమిచ్చి యుంచుకొందురు. దినమంతయు ఒక ప్రశ్నతో కూర్చుండి సాయంకాలమునకు నేమియు తేలకున్నను, మరునాడు మరల కూర్చుండ బుద్ధిపుట్టునా లేదా యన్నది రెండు మాసములలో పిల్లకే తెలియును. బుద్ధి పుట్టనిచో ఉద్యోగము చేయుట యవమానము కాదు. డిసెంబరులో జరుగు ఎఫ్.ఎస్.టి.టి.సి.యస్. అను సభ 1981 నుండి మన దేశముననే యేటేట జరుగుచున్నది. 2023లో అది హైదరాబాదు ట్రిపుల్ ఐ.టి.లో జరిగినది. 2008 నుండి యందలి వ్యాసముల నెవరైనను ఉచితముగా చదువవచ్చును.

పెండ్లియైన సోదరీమణులు కొందరు తమకింక దారి లేదని వ్రాయుచున్నారు. విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారి 2022 నాటి నియమముల ననుసరించి, డాక్టరేటు చదువు స్త్రీకి ప్రసూతికిని శిశుపోషణకును 240 దినములవరకు సెలవు కలదు. అందరికి నుండు గడువుమీద ఆమెకు మరి రెండేండ్ల సడలింపును కలదు. సంసారమునకై చదువు నిలిపివేసిన స్త్రీలు మరల పరిశోధనకు వచ్చుటకు శాస్త్ర సాంకేతిక శాఖవారి ప్రత్యేక పథకములున్నవి. ఐ.ఐ.టి.లకు తమతమ నియమములుండును గనుక చేరుటకు ముందే సెలవు సంగతి వ్రాతమూలమున నడిగి తెలిసికొనవలెను. నోటిమాటను నమ్మి చేరి, కాన్పు సమయమున వేతనము నిలిచినదని తరువాత మాకు వ్రాసిన లాభము లేదు.