కంప్యూటరునకు తాళము

గృహమునందలి వస్తువులలో కంప్యూటరువంటి విచిత్రమైన వస్తువు మఱియొకటి లేదు. అదియే పాఠశాల, అదియే పుస్తకశాల, అదియే ఆటస్థలము, అదియే నాటకశాల, ఒక్కొక్కప్పుడు అదియే సంతవీధి. బాలుడు దాని యెదుట కూర్చుండియున్నప్పుడు చదువుచున్నాడో, ఆడుచున్నాడో గుమ్మమునుండి చూచు తల్లికి తెలియదు. పూర్వము ప్రొద్దు గ్రుంకినను ఇల్లు చేరని పిల్లవానిని వీధి చివరకు పోయి పిలుచుకొని వచ్చెడివారు. నేడు పిల్లవాడు ఇంటనే యున్నాడు. కాని పిలిచినను పలుకుట లేదు. ఈ కష్టమునకు మందుగా అనేకులు తలిదండ్రులు కంప్యూటరునకు తాళము వేయుచున్నారు. ఆ తాళము మంచిదా, చెడ్డదా, దానిని ఎట్లు ఉపయోగింపవలెను అను విషయమును గూర్చి మా యభిప్రాయమును చదువరుల యెదుట నుంచుచున్నాము.

తాళమనగా ఇనుప తాళము కాదు. పిల్లల వాడుకను తలిదండ్రులు తమ యదుపులో నుంచుకొనుటకై యంత్రములోనే అమర్పబడిన యేర్పాటు. మైక్రోసాఫ్ట్ వారి ఫ్యామిలీ సేఫ్టీ, గూగుల్ వారు 2017లో తెచ్చిన ఫ్యామిలీ లింక్, ఆపిల్ వారు 2018లో తెచ్చిన స్క్రీన్ టైమ్ అనునవి యిట్టివే. వీనిచే దినమునకిన్ని గంటలని మితి పెట్టవచ్చును. రాత్రి ఫలాని వేళకు యంత్రము మూతపడునట్లు చేయవచ్చును. వయస్సునకు తగని ఆటలను, సైట్లను ఆపవచ్చును. ఏ పనికెంత కాలము పట్టినదో లెక్క చూడవచ్చును. మితి ముగిసిన పిమ్మట ఇంకను కొంత వ్యవధి కావలెనని పిల్లవాడు అడుగవచ్చును. ఇచ్చుటయో మానుటయో తలిదండ్రుల యిష్టము. అయితే పిల్లవానికి వేఱుగా ఒక ఖాతా తెఱచి, దానికి యంత్రముపై సర్వాధికారము లేకుండ చేయవలెను. ఇల్లంతయు ఒకే ఖాతాతో కంప్యూటరును వాడుచుండినయెడల, తాళము వేసి తాళపుచెవిని దానికే తగిలించినట్లగును.

తాళమే కూడదనువారితో మేము ఏకీభవింపము. పుస్తకమునకు చివరి పుట కలదు. వీధిలోని ఆటకు చీకటి కలదు. కాని ఒక వీడియో ముగియగానే మఱియొకటి తనంతట తానే మొదలగునట్లును, వ్రేలితో త్రోసినకొలది క్రొత్త బొమ్మ వచ్చునట్లును ఏర్పరుపబడిన వినోదమునకు ముగింపు లేదు. చూచువాడు విడువకుండుటయే దానిని నడుపు కంపెనీలకు లాభము. పెద్దలే తప్పించుకొనలేని యీ వలలో పదమూడేండ్ల బాలుని విడిచి నిగ్రహము చూపుమనుట న్యాయము కాదు. 13 మొదలు 18 ఏండ్ల వయస్సువారికి దినమునకు 8 మొదలు 10 గంటల నిద్ర కావలెనని అమెరికాలోని నిద్రావైద్యుల సంఘము 2016లో ప్రకటించినది. ఉదయము ఆరు గంటలకు లేవవలసిన పిల్లవాడు అర్ధరాత్రి దాటువఱకు ఆటలో మునిగియుండినయెడల ఈ లెక్క కుదురదు. మఱియు ప్రతి రాత్రియు “చాలించుము, చాలించుము” అని తల్లి గొంతు చించుకొనవలసిన పని తాళమువలన తప్పును. మొక్కై వంగనిది మానై వంగదు. లేత వయస్సున కట్టుబాటు అవసరమే.

అయినను తాళమునందే నమ్మకముంచి నిశ్చింతగా నుండువారు మోసపోవుదురు. ఇంటి దొంగను ఈశ్వరుడైనను పట్టలేడను సామెతను పెద్దలు ఊరక చెప్పలేదు. తల్లి అంకెలు నొక్కుచుండగా క్రీగంట చూచి గుర్తుంచుకొనుట, వేఱొక ఖాతా తెఱచుట, స్నేహితుని ఫోను అడిగి తెచ్చుకొనుట మన విద్యార్థులెఱుగని విద్యలు కావు.

ఒక దేశమే యిట్టి తాళమును వేసి చూచినది. దక్షిణ కొరియాలో 2011వ సంవత్సరమున అమలునకు వచ్చిన చట్టము ప్రకారము, 16 ఏండ్లు నిండని పిల్లలు అర్ధరాత్రి మొదలు ఉదయము 6 గంటల వఱకు ఇంటర్నెట్టు ఆటలు ఆడరాదు. పిల్లలలో కొందఱు తలిదండ్రుల గుర్తింపు సంఖ్యలతో లోనికి ప్రవేశించిరి. ఇంతలో ఆటలు సెల్ ఫోనులలోనికి మాఱెను. చట్టము కంప్యూటరు ఆటలనే పట్టుకొని యుండెను. పదేండ్లు గడచిన పిమ్మట, 2021లో ఆ ప్రభుత్వము దానిని ఎత్తివేయ నిశ్చయించి, 2022 జనవరి మొదలు రద్దు చేసినది. పిల్లలుగాని తలిదండ్రులుగాని కోరినయెడల ఆడుకొను వేళలను నిర్ణయించు మఱియొక యేర్పాటును మాత్రము నిలిపినది. ఎల్లరకు ఒకే గడియ పెట్టుటకంటె ఇంటివారు కూడి మాటలాడుకొని నిర్ణయించుకొనుట మేలను పాఠము దీనియందు కలదు.

గంటలను లెక్కించుటయందు మఱియొక చిక్కు గలదు. గంటలన్నియు ఒక్కటి కావు. లెక్కల పాఠమును రెండవసారి వినిన గంటయు, బొమ్మ గీయ నేర్చిన గంటయు, దూరదేశముననున్న అన్నతో మాటలాడిన గంటయు, కంటికి కనబడినదెల్ల చూచుచు గడపిన గంటయు యంత్రపు పద్దులో ఒకే వరుసను వ్రాయబడును. అమెరికా బాలవైద్యుల సంఘము 2016లో బడియీడు పిల్లలకు ఇన్ని గంటలని సంఖ్య నిర్ణయించుట మాని, నిద్రకును వ్యాయామమునకును భంగము రాకుండ ప్రతి కుటుంబమును తనకు తగిన యేర్పాటును చేసికొనవలెనని సలహా చెప్పినది. కావున మొదట నిద్ర, భోజనము, ఆట, చదువు, ఇంటి పని అనువానికి కాలము కేటాయింపుడు. పిమ్మట మిగిలినది కంప్యూటరుది.

ఇక తాళమునకును రహస్య నిఘాకును గల భేదమును తలిదండ్రులు గుర్తింపవలెనని మా మనవి. పిల్లవానికి తెలియునట్లు వేళ నిర్ణయించుట యొకటి. వానికి తెలియకుండ వాని సందేశములను చదువుట మఱియొకటి. ఈ రెండవదానివలన కలుగు నష్టమెంతటిదో ఆలోచింపుడు. ఎవడో అపరిచితుడు స్నేహము నటించి, పిల్లవానినుండి ఛాయాచిత్రమును సంపాదించి, డబ్బియ్యనియెడల దానిని పదిమందికి పంపుదునని బెదరించెననుకొందము. ఆ రాత్రి ఆ బిడ్డ ఎవరియొద్దకు పోవలెను? తల్లితో చెప్పినయెడల ఫోను లాగుకొనబడునను భయమున్నచో నోరు మెదపదు, ఒంటరిగా కుములును. ఎన్ని తాళములు వేసినను, “ఏమి జరిగినను మాతో చెప్పుము, నిన్ను దండింపము” అను మాటకు సాటి రావు. ఇంట చెప్పలేని బిడ్డకు బాలల సహాయమునకై 1098 అను ఫోను సంఖ్య కలదనియు, ఆ పిలుపునకు రుసుము లేదనియు అందఱకును తెలిసియుండవలెను.

కొన్ని యిండ్లలో కుమార్తె ఫోనునకు గట్టి తాళమును, కుమారుని ఫోనునకు అసలు తాళమే లేకుండుటయు కలదు. ఇది న్యాయము కాదు. మఱికొన్ని యిండ్లలో తండ్రి భోజనపు పీటమీదను ఫోను విడువడు. బిడ్డకు మాత్రము నీతులు చెప్పును. కంచె చేను మేసిన చందమున నున్న ఈ యదుపు నిలువదు. ఇంటికంతటికి ఒకే ఫోనున్నవారు పెద్ద యేర్పాటులకై వెదకనక్కఱలేదు. వాడుక నడుమ గదిలో. రాత్రి ఛార్జింగు తలిదండ్రుల గదిలో. ఈ నియమము పెద్దల ఫోనులకును వర్తించును. ఇంతమాత్రము చాలును.

అన్నిటికంటె ముఖ్యమైన మాట యిది. మన ప్రాంతమున పదవ తరగతి ముగియగానే పిల్లలలో అనేకులు హైదరాబాదు, విజయవాడ మున్నగు పట్టణములలోని రెసిడెన్షియల్ కళాశాలలకు పోవుచున్నారు. అచట పెక్కింట ఫోనే యుండనియ్యరు. రెండేండ్ల పిమ్మట ఇంజనీరింగు కళాశాల హాస్టలులో చేరి, చేత ల్యాప్‌టాపుతో, అడుగువారు లేకుండ, ఒక్క దినమున సంపూర్ణ స్వాతంత్ర్యమును పొందుచున్నారు. తాళమునుండి తాళమునకు మాఱినవానికి తనంతట తాను చాలించుట ఎన్నడు అలవడును? ఈత నేర్పక ఒడ్డుననే కట్టివేసి, పదునెనిమిదవ యేట గోదావరిలో దింపినట్లుండును.

కావున తాళమును వేయునప్పుడే దానిని తీయు దినమునుకూడ నిర్ణయింపవలెనని మా యభిప్రాయము. ఎనిమిదవ తరగతిలో వేళలను తలిదండ్రులే నిర్ణయింతురుగాక. తొమ్మిదవ తరగతిలో వారమునకు మొత్తము ఇన్ని గంటలని చెప్పి, వానిని దినములకు పంచుకొను భారమును బిడ్డకే విడువవలెను. పదవ తరగతి పరీక్షలు ముగిసిన పిమ్మట మితిని తీసివేసి, లెక్క చూపు పట్టికను మాత్రముంచి, వారమున కొకసారి తల్లియు బిడ్డయు కలిసి చూడవలెను. నిలకడ కనబడినచో ఒక మెట్టు ముందునకు. మాట తప్పినచో ఒక మెట్టు వెనుకకు. ఈ యొడంబడికను కాగితముపై వ్రాసి, ఇరువురును చేవ్రాలు చేసి గోడకు అంటింపవలెను. అప్పుడు తాళము శిక్షగా తోపక, నడక నేర్చు శిశువునకు పట్టుకొమ్మగా తోచును.

విద్యార్థులారా! తాళమును తప్పించుకొనగల తెలివి మీకు కలదని మేమెఱుగుదుము. ఆ తెలివితో మీరు గెలిచినది తల్లిని, ఓడిపోయినది ఆటకు. తలిదండ్రులారా! తాళపుచెవి మీ చేతనుండుట కొన్ని యేండ్ల ముచ్చట మాత్రమే. దానిని బిడ్డ చేతిలో పెట్టవలసిన దినము వచ్చుచున్నది. ఆ దినమునకు బిడ్డ చేయి సిద్ధమై యుండునట్లు చేయుటయే తాళమునకు గల ప్రయోజనము.