తెచ్చుకున్న కుక్క ఎవరిది?



2025 నవంబరు 7న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వును మీలో చాలామంది పేపర్లో చదివే ఉంటారు. ఆసుపత్రులు, బడులు, బస్టాండ్ల ఆవరణల్లో తిరిగే వీధికుక్కలను పట్టి, పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేసి, టీకా వేసి షెల్టర్లకు తరలించాలని, తిరిగి అక్కడే వదలరాదని అందులో ఉంది. అదే సంవత్సరం ఆగస్టు 22 నాటి ఉత్తర్వులో, వీధికుక్కను పెంచుకోదలచినవారు మునిసిపాలిటీకి దరఖాస్తు చేసుకోవచ్చని, అయితే ఆ కుక్క మళ్లీ వీధిన పడకుండా చూసే బాధ్యత వారిదేనని చెప్పారు. ఈ చివరి మాట గురించే మేము రాస్తున్నాము.

చీడికాడలో షెల్టరు కుక్క ఏమిటని నవ్వేవారుంటారు. వీధికి నాలుగున్నాయి గదా! కాని విశాఖపట్నంలో చదువుకునే, ఉద్యోగం చేసే మన పిల్లలు అక్కడి షెల్టర్ల గురించి వింటారు. 1996లో మొదలైన విశాఖ సొసైటీ ఫర్ ప్రొటెక్షన్ అండ్ కేర్ ఆఫ్ యానిమల్స్ వంటి సంస్థల పేరు వారికి తెలుసు. జాలిపడి ఒక కుక్కను తెచ్చి, అమ్మానాన్నల దగ్గర వదిలి, సోమవారం బస్సెక్కి వెళ్లిపోతారు. జాలి మంచిదే. ఆ తరువాత ఎవరు చూస్తారన్నదే మా ప్రశ్న.

కుక్క కాటుతో ఆసుపత్రికి వచ్చినవారిని ఎవరి కుక్క అని అడిగితే తరచుగా వచ్చే జవాబు ఇది: "మా కుక్కే బాబూ, కాని మేం పెంచట్లేదు." గంజి పోస్తారు, గుమ్మంలో పడుకోనిస్తారు, టీకా మాత్రం వేయించరు. మా అభిప్రాయంలో మన ఊళ్ల అసలు సమస్య ఇదే. షెల్టరు నుంచి తెచ్చిన కుక్క కూడా ఆరు నెలల్లో ఈ లెక్కలోకి చేరేటట్లయితే దాన్ని అక్కడే ఉండనివ్వడం మేలు.

కొత్తలో కష్టాలు తప్పవు. సిమెంటు గదిలో, పది కుక్కల మధ్య ఉన్నది మన ఇంటికి వస్తే మొదటి రోజుల్లో మంచం కింద దూరుతుంది, తిండి ముట్టదు, చెయ్యి చాస్తే గుర్రుమంటుంది. అంతకు ముందు ఎవరు కొట్టారో, ఏమి చూసిందో మనకు తెలియదు. పెరట్లో కోళ్లను, మేకపిల్లలను చూసి వెంటపడుతుంది. వీధిలోని కుక్కలు దాన్ని రానివ్వవు. అప్పుడు చాలామంది చేసే పని పగలంతా పొట్టి తాడుతో చెట్టుకు కట్టెయ్యడం. అలా కట్టిన కుక్కే ఎక్కువ కరుస్తుంది. ఒక మూల గోనెపట్టా వేసి, నీళ్లు పెట్టి, కొన్ని వారాలు ఒక్కరే అన్నం పెడితే మెల్లగా మాలిమి అవుతుంది. తినేటప్పుడు, నిద్రపోయేటప్పుడు చిన్నపిల్లలను దాని దగ్గరకు పోనివ్వరాదు. పక్కింటి పిల్లలను కూడా.

చెవి కొస కత్తిరించి ఉంటే అన్నీ అయిపోయినట్లేనని కొందరి నమ్మకం. అది ఆపరేషను అయిందనడానికి గుర్తు మాత్రమే. రేబిస్ టీకా ఏటేటా వేయించవలసిందే. పిడుదులకు, ఏలికపాములకు మందు పశువుల డాక్టరును అడగండి.

2024లో దేశంలో 37 లక్షలకు పైగా కుక్కకాట్లు నమోదైనట్లు కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. మనం ముద్దుగా తెచ్చుకున్న కుక్క కరిచినా లెక్క ఒక్కటే. కారం, సున్నం పెట్టవద్దు. ధారగా పారే నీటితో, సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి రండి. రక్తం వచ్చిన గాయానికి టీకాతోపాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా కావాలి. కుక్కను 10 రోజులు గమనించాలన్నది నిజమే గాని, ఆ 10 రోజులూ టీకా ఆపి కూర్చోమని కాదు. బొడ్డు చుట్టూ 14 ఇంజక్షన్లన్న భయం ఇంకా ఉంది. ఆ పాత మందు 2005 నాటికే మన దేశంలో పోయింది. రేబిస్ లక్షణాలు బయటపడిన తరువాత మాత్రం మా చేతుల్లో దాదాపు ఏమీ ఉండదు.

ఎంత ప్రయత్నించినా కుదరకపోతే తెచ్చిన చోటే అప్పగించండి. అందులో సిగ్గుపడవలసింది లేదు. చోడవరం బస్టాండులోనో, సంతలోనో దించి రావడమే పాపం.

తెచ్చేముందు ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడండి. కుక్క పదేళ్లకు పైగా బతుకుతుంది. కూలికి వలస వెళ్తే అన్నం ఎవరు పెడతారు? పశువుల ఆసుపత్రికి ఎవరు తీసుకువెళ్తారు? ఆ పేరు, టీకా తేదీ గోడమీది వాక్య క్యాలెండరులో రాసుకోండి. కొత్త సంవత్సరం క్యాలెండరు మార్చేటప్పుడు ఆ తేదీని కూడా అందులోకి ఎక్కించండి.