డబ్బాలో బలమా, జామకాయలో బలమా?

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషను మెట్లు దిగి, కొత్తపేట వైపు పది నిమిషాలు నడిచి చూడండి. ఎన్ని కోచింగ్ సెంటర్లో, ఎన్ని హాస్టళ్ళో! నల్లగొండ నుంచీ, మహబూబ్‌నగర్ నుంచీ, ఖమ్మం నుంచీ చదువు కోసం వచ్చిన అన్నయ్యలూ అక్కయ్యలూ పుస్తకాల సంచులతో కనిపిస్తారు. వాళ్ళ మధ్య ఒక మందుల దుకాణం. దాని అద్దాల బీరువాలో రంగురంగుల డబ్బాలు. "రోగనిరోధక శక్తిని పెంచుతుంది" అని వాటి మీద పెద్ద అక్షరాలు. 2020లో కరోనా వచ్చిన దగ్గర నుంచి ఈ మాట పొడుల మీదికీ, బిళ్ళల మీదికీ, ఆఖరికి బిస్కెట్ల మీదికీ ఎక్కింది.

దుకాణం ముందే ఒక తోపుడు బండి. దాని నిండా జామకాయలు. వాటి మీద మాత్రం ఏమీ రాసి లేదు.

ఇంట్లో అమ్మ డబ్బు ఇచ్చి, "ఒంటికి బలం ఇచ్చేదేదో కొనుక్కో" అన్నదనుకోండి. మీరు ఏది కొంటారు?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. డబ్బా వదిలెయ్యండి, బండి దగ్గరికి వెళ్ళండి. అయితే జామకాయ తింటే ఏ జబ్బూ రాదని కూడా నమ్మకండి. ఈ రెండు మాటలూ ఎందుకంటున్నానో కారణాలు చూపిస్తాను. సరిగ్గా ఉన్నాయనుకుంటే ఒప్పుకోండి, లేకపోతే ఎదురు ప్రశ్న వేయండి. సైన్సు పద్ధతి అదే కదా!

కొలిచే పరికరం ఏదీ?

ఒంటి వేడి చూడటానికి థర్మామీటరు ఉన్నది. రక్తపోటు చూడటానికి ఒక పరికరం ఉన్నది. మరి "నీ నిరోధక శక్తి నూటికి అరవై" అని చెప్పే పరికరం ఎక్కడైనా చూశారా? అలాంటిది లేదు. ఎందుకంటే నిరోధక శక్తి అనేది సీసాలో పోసి కొలిచే ఒకే ఒక్క పదార్థం కాదు. చర్మం ఒక కోటగోడ. ముక్కులోనూ గొంతులోనూ పేగులలోనూ ఉండే తడి పొర మరొక గోడ. జీర్ణాశయంలోని ఆమ్లం గోడ దాటి వచ్చిన సూక్ష్మజీవులను చాలావరకు చంపేస్తుంది. రక్తంలో తిరిగే తెల్లకణాలలో కొన్ని క్రిములను మింగేస్తాయి, కొన్ని ప్రతిరక్షకాలను తయారుచేస్తాయి, కొన్ని పాత శత్రువును ఏళ్ళ తరబడి గుర్తుపెట్టుకుంటాయి. ఇంతమంది కలిసి చేసే పని అది.

పైగా ఈ సైన్యం మరీ ఉత్సాహపడినా ప్రమాదమే. పూల పుప్పొడిని శత్రువనుకుంటే తుమ్ములు, ఉబ్బసం. సొంత కీళ్ళనే శత్రువులనుకుంటే కీళ్ళవాతం. అందుచేత మనకు కావలసింది సైన్యాన్ని రెచ్చగొట్టడం కాదు, దానికి వేళకు అన్నం పెట్టడం.

సైన్యం ఏం తింటుంది?

ప్రతిరక్షకాలు మాంసకృత్తులతో తయారవుతాయి. ఆ మాంసకృత్తులు కందిపప్పులో, పెసరపప్పులో, కోడిగుడ్డులో, పాలలో, పెరుగులో, చేపలో, వేరుశనగపప్పులో ఉన్నాయి. తినడానికి తగినంత లేక చిక్కిపోయిన పిల్లలలో, కొన్ని తెల్లకణాలకు బడి లాంటిదైన థైమస్ గ్రంథి కూడా కుంచించుకుపోతుంది. అలాంటి పిల్లలకు మామూలు విరేచనాలు కూడా ప్రాణం మీదికి తెస్తాయి.

తెల్లకణాలు పోరాటానికి దిగినప్పుడు వేగంగా రెట్టింపవుతూ పోవాలి. అందుకు ఫోలిక్ ఆమ్లం కావాలి. దీనితో మనకొక చుట్టరికం ఉన్నది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, తోడబుట్టిన వారిని ఇద్దరిని స్ప్రూ అనే పేగుల జబ్బుకు పోగొట్టుకున్నారు. తర్వాత అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వాన పనిచేసిన బృందం 1945 నాటికి ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఆ పేరుకు మూలం ఆకు అని అర్థమిచ్చే లాటిన్ మాట. సరూర్‌నగర్ రైతుబజారులో కట్టలు కట్టి పెట్టే పాలకూర, తోటకూర, మెంతికూర ఆ విటమిన్‌కు పుట్టిళ్ళే.

ముక్కు, గొంతు, పేగులలోని తడి పొర దెబ్బతినకుండా ఉండటానికి విటమిన్ ఎ కావాలి. మునగాకులో, తోటకూరలో, క్యారెట్‌లో, మామిడిలో, బొప్పాయిలో ఉండే పసుపుపచ్చని పదార్థం నుంచి మన శరీరం దానిని తయారుచేసుకుంటుంది. కూరలో కాస్త నూనె ఉంటేనే ఆ పదార్థం బాగా ఒంటబడుతుంది. అమ్మ మునగాకును తాలింపు వేసి వండటంలో రుచే కాదు, సైన్సు కూడా ఉన్నది.

ఇక విటమిన్ సి. నూరు గ్రాముల జామలో ఇది సుమారు 200 మిల్లీగ్రాములు ఉంటుంది. నారింజలో 30 నుంచి 45 దాకా ఉంటుంది. ఆపిల్‌లో పది కూడా ఉండదు. పెద్దవారికి రోజుకు కావలసింది 80 మిల్లీగ్రాముల లోపే. అంటే ఒక్క జామకాయతో ఆ రోజు లెక్క తీరిపోయింది! అయినా రోగిని చూడటానికి వెళ్ళేటప్పుడు మనం ఆపిల్ పండ్లే ఎందుకు పట్టుకెళ్తాం? ఖరీదు ఎక్కువైనదే మంచిదని మనకొక భ్రమ. ఆ భ్రమ మీదనే డబ్బాల వ్యాపారం నడుస్తున్నది.

తార్నాక చెప్పిన పాఠం

"మంచి పదార్థమే కదా, ఎక్కువ తీసుకుంటే ఇంకా మంచిది కాదా?" అని మీరు అడగవచ్చు. దీనికి జవాబు వెతకడానికి దూరం పోనక్కరలేదు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఉప్పల్ మీదుగా తార్నాక వెళ్తే అక్కడ జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. 1918లో కూనూరులో ఒక్క గదిలో మొదలై, 1958లో హైదరాబాదు చేరిన సంస్థ అది.

1986లో ఇండొనేషియాలోని ఆచే ప్రాంతం నుంచి ఒక వార్త వచ్చింది. చిన్నపిల్లలకు ఆరు నెలలకొకసారి విటమిన్ ఎ పెద్ద మోతాదులో ఇస్తే మరణాలు మూడోవంతు తగ్గాయన్నారు. మన దేశంలోనూ చూడాలి కదా! జాతీయ పోషకాహార సంస్థకు చెందిన డాక్టర్ కె. విజయరాఘవన్ బృందం హైదరాబాదు చుట్టుపక్కల గ్రామాలలో సుమారు పదిహేను వేలమంది పిల్లలను పరిశీలించింది. కొందరికి విటమిన్ ఇచ్చారు, కొందరికి అలాగే కనిపించే వేరే ద్రవం ఇచ్చారు. 1990లో ఫలితం ప్రకటించారు. రెండు గుంపుల మధ్య మరణాలలో చెప్పుకోదగ్గ తేడా లేదు!

అదే 1990లో తమిళనాడు నుంచి మరొక ఫలితం వచ్చింది. అక్కడ వారం వారం కొద్దికొద్దిగా అదే విటమిన్ ఇచ్చారు. మరణాలు సగానికి పైగా తగ్గాయి.

ఇదేమిటి, ఒకే విటమిన్‌కు రెండు నాలుకలా? కాదు. పిల్లలలో లోటు ఎంత ఉన్నది, విటమిన్ ఎంతెంత, ఎన్నాళ్ళకొకసారి ఇచ్చారు అనే సంగతులు అన్నిచోట్లా ఒకటి కావు. పైగా హైదరాబాదు పరిశీలనలో కార్యకర్తలు రెండు గుంపుల పిల్లలనూ తరచుగా వెళ్ళి చూస్తూ ఉండేవారు. అలా చూడటమే పిల్లలందరినీ కాపాడి ఉండవచ్చునని కొందరు శాస్త్రజ్ఞులు అన్నారు. ఖాళీ కుండలో నీళ్ళు పోస్తే నిండుతుంది. నిండిన కుండలో పోస్తే కింద కారిపోతుంది. పోషకాల సంగతీ అంతే. లోటున్న చోట అవి ప్రాణం పోస్తాయి, లోటు లేని చోట వాటికి చేయడానికి పని ఉండదు.

ఇంకొక సంగతి గమనించారా? తేడా కనిపించకపోతే కనిపించలేదనే ఆ శాస్త్రజ్ఞులు రాశారు. డబ్బా మీద అలా ఎవరైనా రాస్తారా?

జలుబు సంగతి

అమెరికాలో లైనస్ పౌలింగ్ అనే మహా శాస్త్రజ్ఞుడు, రెండు నోబెల్ బహుమతులు అందుకున్నవాడు, విటమిన్ సి బాగా మింగితే జలుబు రాదని 1970లో ఒక పుస్తకమే రాశాడు. అంతటివాడు చెప్పాడు కనుక లక్షలమంది మింగారు. తర్వాత దశాబ్దాల పాటు జరిగిన పరీక్షలన్నింటినీ కలిపి 2013లో లెక్క చూశారు. రోజూ మింగినా మామూలు మనుషులలో జలుబుల సంఖ్య తగ్గలేదు. వచ్చిన జలుబు మాత్రం కొంచెం ముందుగా తగ్గింది. ఆ తగ్గుదల పెద్దవారిలో నూటికి ఎనిమిది పాళ్ళు, పిల్లలలో పద్నాలుగు పాళ్ళు. జలుబు వచ్చాక మింగడం మొదలుపెట్టినవారికి నిలకడగా ఏ లాభమూ కనిపించలేదు. శరీరం ఈ విటమిన్‌ను ఎక్కువగా దాచుకోలేదు. మిగిలినది మూత్రంలో పోతుంది. అంటే ఖరీదైన బిళ్ళలో చాలా భాగం మరుగుదొడ్డి పాలన్నమాట!

ఎంత గొప్పవాడు చెప్పినా సరే, పరీక్షకు నిలబడితేనే అది సైన్సు. ఈ పాఠం బిళ్ళలకే కాదు, కషాయాలకూ వర్తిస్తుంది. అల్లం, మిరియాలు, పసుపు మన వంటింటి రుచులు. గొంతు నొప్పిగా ఉన్నప్పుడు వేడి వేడి చారు తాగితే హాయిగా ఉంటుంది, తాగండి. కానీ రోజూ గ్లాసుల కొద్దీ కషాయం తాగితే మేలని అనుకోకండి. 2021లో ముంబై వైద్యులు, తిప్పతీగ వాడిన కొందరికి కాలేయం దెబ్బతిన్నదని ఒక వైద్య పత్రికలో రాశారు. తిప్పతీగది తప్పు కాదనీ, దాన్ని పోలిన వేరే తీగ వాడి ఉండవచ్చుననీ ఆయుష్ మంత్రిత్వ శాఖ అన్నది. ఎవరి మాట నిజమైనా మనం నేర్చుకోవలసింది ఒకటే. ఏ మొక్కో, ఎంత మోతాదో తెలియని దానిని మందులాగా తాగకూడదు.

అసలు లోటు ఎక్కడ?

నా బాధ డబ్బాల ఖర్చు ఒక్కటే అయితే ఇంత పొడుగున రాయనక్కరలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లలలో నూటికి 59 మందికి రక్తహీనత ఉన్నది. ఆ వయసు మగపిల్లలలో నూటికి 31 మంది. ఈ పత్రిక చదువుతున్న మీ ఈడువాళ్ళూ, మీకంటే రెండేళ్ళు పెద్దవాళ్ళూ అన్నమాట! ఇనుము చాలకపోతే అలసట వస్తుంది, చదువు మీద ధ్యాస నిలవదు, తెల్లకణాల పని కూడా మందగిస్తుంది. ఖాళీ కుండ అంటే ఇదీ.

ఉదయం ఏమీ తినకుండా క్లాసుకు పరుగెత్తి, పదకొండు గంటలకు టీ, సాయంత్రం మిర్చి బజ్జీతో గడిపేసే విద్యార్థులు దిల్‌సుఖ్‌నగర్ వీధులలో కొల్లలు. బజ్జీ మన శత్రువు కాదు, ఎప్పుడైనా తినవచ్చు. కానీ అది భోజనం కాదు. భోజనంతో పాటు టీ తాగితే ఆహారంలోని ఇనుము సరిగ్గా ఒంటబట్టదు, ఒక గంట ఆగి తాగండి. పప్పులో నిమ్మకాయ పిండుకోండి. ఆకుకూరలలో, పప్పులలో ఉండే ఇనుమును ఒంటబట్టించడానికి విటమిన్ సి సాయపడుతుంది. బడిలో మధ్యాహ్న భోజనంతో గుడ్డు పెడితే, తినే అలవాటున్నవారు వదలకండి. ఎప్పుడూ నీరసంగా ఉంటే మాత్రం డాక్టరుగారికి చూపించుకుని రక్తపరీక్ష చేయించుకోవాలి. బడిలో ఇచ్చే ఇనుము బిళ్ళ నిజమైన లోటు తీర్చడానికి పెట్టినది, దాన్ని కిటికీలోంచి పారేయకండి.

ఇప్పుడు నా రెండో మాటకు వస్తాను. ఎంత మంచి తిండి తిన్నా అది టీకాకు బదులు కాదు. మన దేశంలో ఆఖరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది. ఆ జబ్బును తరిమినవి చుక్కల మందు, దాన్ని ఇంటింటికీ మోసిన కార్యకర్తల కాళ్ళు. తిండి సైన్యాన్ని బలంగా ఉంచుతుంది, టీకా దానికి శత్రువు ఆనవాలు చూపిస్తుంది. రెండూ కావాలి. కొత్తపేటలో ఏళ్ళ తరబడి పెద్ద పండ్ల మార్కెట్టు ఉండేది. బత్తాయిలూ మామిడిపండ్లూ లారీలలో వచ్చి దిగేవి. 2021-22లో దాన్ని బాటసింగారానికి మార్చారు. ఆ స్థలంలో ఆసుపత్రి కట్టడానికి 2022లో శంకుస్థాపన చేశారు. అటు వెళ్ళినప్పుడల్లా నాకు అనిపిస్తుంది, ఊరికి పండ్లూ కావాలి, ఆసుపత్రీ కావాలి. ఒకటి ఉంటే రెండోది అక్కరలేదనేవారి మాట మాత్రం నమ్మరాదు.

మీరే చూడండి

నా మాట కూడా ఊరికే నమ్మకండి. మీ సైన్సు మాస్టారి ఎదుట ఒక ప్రయోగం చేయండి. పలచని గంజిలో రెండు చుక్కల అయొడీన్ ద్రావణం వేయండి, నీలం రంగు వస్తుంది. దీన్ని నాలుగు పరీక్ష నాళికలలో సమానంగా పోయండి. ఒకదానిలో జామకాయ రసం, రెండోదానిలో నిమ్మరసం, మూడోదానిలో ఆపిల్ రసం, నాలుగోదానిలో చాలాసేపు మరిగించి చల్లార్చిన నిమ్మరసం చుక్క చుక్కగా వేస్తూ పోండి. విటమిన్ సి ఆ నీలం రంగును పోగొడుతుంది. ఏ రసం ఎన్ని చుక్కలకు రంగు పోగొట్టిందో నోటుపుస్తకంలో రాసుకోండి. ఈ ప్రయోగంలో తాకినదేదీ నోట్లో పెట్టుకోకండి.

తర్వాత ఆ లెక్కను ఇంటికి తీసుకెళ్ళి అమ్మానాన్నలకు చూపించండి. డబ్బా కొనాలా, బండి దగ్గర ఆగాలా అన్నది అప్పుడు అందరూ కలిసి తేల్చుకోండి. కాయలు తినేముందు కడుక్కోవడం మాత్రం మరచిపోకండి!