సముద్రము పాలైన నీరు

వఱదలు వచ్చినప్పుడెల్ల మన నాయకుల నోట ఒక మాట వినవచ్చును: గోదావరి నీరు వృథాగా సముద్రము పాలగుచున్నదని. సభికులు చప్పట్లు కొట్టుదురు. మేడ్చల్, శామీర్‌పేటల పఠనమందిరములలో పత్రికలు చదువు మిత్రులకు ఈ మాట ప్రియమగుట సహజమే. 2015 చివరనుండి ఎల్లంపల్లి గోదావరి జలము ఆ ప్రాంతముననే యున్న ఘనపురము జలాశయమునకు ఎక్కి, అచ్చటినుండి నగరమునకు పాఱుచున్నది. ఏటా 10 టీ.ఎం.సీ.ల నిమిత్తము కట్టిన పథకమది. దాహము తీర్చుకొనుట తప్పని మేమనము. కాని ఆ నదికి మఱియొక కొస గలదనియు, అచ్చట దానినే నమ్మి బ్రదుకు జీవకోటి గలదనియు ఎఱుగుట నీరు త్రాగువారికి న్యాయము.

ఆ కొస కాకినాడ చెంతనున్న కోరంగి. 1839 నవంబరు ఉప్పెనలో నాశమైన రేవుగా ఆ పేరు మనవారు విన్నదే. ఇప్పుడచ్చట ఓడలకు మాఱు మడయడవి యున్నది. 1978లో ప్రభుత్వమువారు 235 చదరపు కిలోమీటర్లకు పైబడిన ప్రదేశమును అభయారణ్యముగా ప్రకటించిరి. తెల్లమడ, నల్లమడ, తిల్ల మున్నగు చెట్లు ఉప్పుబురదలో పాతుకొని నిలుచును; మడచెట్లు ఊపిరివేళ్ళను బురదపైకి చాచును. సముద్రములో పుట్టిన రొయ్యపిల్లలు పోటుతో కాలువలలోనికి వచ్చి, ఆ వేళ్ళసందున దాగి, రాలిన ఆకుల కుళ్ళు తిని పెరిగి, తిరిగి కడలికి పోవును. పీతలకును, పండుగప్పకును అదే పుట్టినిల్లు. వానికొఱకు నీటికుక్కయు బావురుపిల్లియు వచ్చును. ఎదుటి హోప్ ద్వీపపు ఇసుకలో శీతకాలమున సముద్రపు తాబేళ్ళు గ్రుడ్లు పెట్టును. కడలిలో బెస్తవాని వలలో పడు చేపలలో పెక్కు ఈ యడవి బిడ్డలే.

ఈ యడవికి ఉప్పునీరొక్కటే చాలదు. నది తెచ్చు తీపినీరును ఒండ్రును గావలయును. ఎగువ జలాశయములు ఒండ్రును పట్టుకొన్నకొలది డెల్టాకు చేరునది తగ్గినది. తీరము పలుచోట్ల కోతపడుచున్నది. వఱదనెలలలో నీటికి కొదువ లేదు. చిక్కెల్ల వేసవిలోనే. ధవళేశ్వరము తలుపులు మూతపడగా దిగువ పాయలలోనికి ఉప్పు ఎగబ్రాకును. పుస్తెలమ్మియైనను పులస తినవలెనను మనవారు, ఆ చేప ఎఱ్ఱనీటి రుచి తగిలియే సముద్రమునుండి ఎదురీది వచ్చుననుట మఱతురు.

1980లో బచావత్ ట్రిబ్యునలు గోదావరి జలములను రాష్ట్రములకు పంచినది. ఆ పంపకమున రొయ్యపిల్లకు వకీలు లేడు.

నీరిట్లుండ నేలమాట వేఱు. 2020లో కాకినాడ దుమ్ములపేటకడ పేదల యిండ్లస్థలములకని మడనేలను చదును చేసిరి. తగవు జాతీయ హరిత ట్రిబ్యునలువఱకు పోయెను. పేదలకు ఇండ్లు గావలసినదే. అయితే ఉప్పెన వచ్చినచో మొదట మునుగు చోటు వారికే యేల?

ఇప్పుడు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వములు గోదావరి మిగులుజలములకై వాదులాడుచున్నవి. మిగులని లెక్కకట్టుటకు ముందే, వేసవినెలలలో కోరంగికి విడువవలసిన నీరెంతయో నిపుణులచే కొలిపించి, నెలవారీగా ఒప్పందములో వ్రాయవలెనని మా కోరిక. మడనేలల హద్దులను సర్వే చేయించి, ఆ పటములను తీరగ్రామముల కచ్చేరీలలో అందఱికిని కనబడునట్లు వ్రేలాడదీయవలెను. ఘనపురము నీరు త్రాగు పౌరులు ఈసారి ఓట్లకు వచ్చు అభ్యర్థిని ఈ లెక్క అడిగిచూతురుగాక.