సోడా బస్తా మీద గ్రేడు ఉండాలి

"సోడా ఉన్నదా?" అని ఫోను వస్తే "ఏ సోడా?" అని ఎదురు అడగడం వర్తకుడికి మొదటి పని కావాలి. కిరాణా కొట్టువారి భాషలో సోడా అంటే తినే సోడా. సబ్బుల వారికి, బట్టలు ఉతికే వారికి బట్టల సోడా. చెరువుల రైతులకు సోడా బైకార్బ్. వీటిలో మొదటిదీ చివరిదీ ఒకే రసాయనం, సోడియం బైకార్బొనేట్. నడిమిది వేరు, అది సోడియం కార్బొనేట్, అంటే సోడా యాష్. రెండూ తెల్లని పొడులే, ఒకే రకం ప్లాస్టిక్ సంచులలో వస్తవి, చాలాచోట్ల ఒకే గోదాములో పక్కపక్కనే దొంతరలుగా ఉంటవి. బిల్లు మీద "సోడా 10 బస్తాలు" అని రాసి ఊరుకుంటే కొన్నవాడికి ఏది చేరిందో కాగితం చెప్పదు. ఆ రాత ఇక చెల్లకూడదని మా అభిప్రాయం.

ముందు ధర సంగతి. బైకార్బొనేట్ ధర సోడా యాష్ ధరను విడిచి ఎక్కువ దూరం పోలేదు. కారణం తయారీలోనే ఉన్నది. బెల్జియం దేశస్థుడు ఎర్నెస్ట్ సాల్వే 1861లో పేటెంటు పొందిన పద్ధతిలో ఉప్పునీరు, అమ్మోనియా, సున్నపురాయి నుంచి వచ్చే బొగ్గుపులుసు వాయువు కలిసినప్పుడు మొదట అడుగుకు దిగేది బైకార్బొనేటే. దానిని కాల్చి యాష్ చేస్తారు. అయితే ఆ మొదటి సరుకులో అమ్మోనియా వాసన ఉంటుంది కనుక తిండికి పనికిరాదు. యాష్‌ను మళ్ళీ నీటిలో కరిగించి, వాయువు పట్టించి శుద్ధమైన బైకార్బొనేట్ తీస్తారు. 106 కిలోల యాష్‌కు లెక్క ప్రకారం 168 కిలోల బైకార్బొనేట్ వస్తుంది. అంటే క్వింటాలు బైకార్బొనేట్‌లో 63 కిలోల యాష్ ఖరీదు ఉన్నట్టే. పైన వాయువు, ఇంధనం, ఆరబెట్టే ఖర్చు.

ఉప్పు, సున్నపురాయి రెండూ దగ్గరగా దొరికే సౌరాష్ట్ర తీరాన ఈ పరిశ్రమ స్థిరపడింది. మిఠాపూర్‌లో టాటా కెమికల్స్ 1939లో ఏర్పడింది. కనుక మనకు సరుకు చాలావరకు గుజరాత్ నుంచి రావాలి, లేదా ఓడ దిగాలి. 2024 డిసెంబరు చివర కేంద్రం యాష్ దిగుమతులకు టన్నుకు 20,108 రూపాయల కనీస ధర విధించినప్పుడు, బైకార్బ్ మాత్రమే అమ్మేవారు అది తమకు సంబంధించిన కబురు కాదనుకుంటే పొరపాటే. యాష్ కబురే వారి కబురు.

ఇక గిరాకీ. కోస్తా జిల్లాలలో ఈ సరుకు వంటింటి గడప దాటి చాలాకాలమైంది. 2009లో వనామీ రొయ్యకు దేశంలో అనుమతి వచ్చిన తరువాత చెరువు నీటి క్షారత అనే మాట రైతు నోట సామాన్యమైపోయింది. రొయ్య పదేపదే గుల్ల విడుస్తుంది. కొత్త గుల్ల గట్టిపడాలన్నా, పగలూ రాత్రీ నీటి పి.హెచ్. ఊగిసలాడకుండా ఉండాలన్నా క్షారత కావాలి. మీటరు లోతున్న ఎకరం చెరువులో సుమారు 4,047 ఘనపు మీటర్ల నీరు ఉంటుంది. ఆ నీటిలో లీటరుకు 10 మిల్లీగ్రాముల క్షారత పెంచడానికి 68 కిలోల బైకార్బొనేట్ కావాలి. అదే యాష్ అయితే 43 కిలోలు చాలు.

చిక్కంతా ఇక్కడే. "తక్కువ బరువుతో పని జరుగుతుంది గదా, ఇది వేయండి" అని ఎవరైనా యాష్ బస్తా ఎత్తి ఇస్తే లెక్క తప్పు కాదు, పని తప్పు. బైకార్బొనేట్ నీటి పి.హెచ్.ను 8.3 దాపులోనే ఉంచుతుంది. యాష్ ద్రావణం పి.హెచ్. 11 దాటుతుంది. చెరువులో మేత, రెట్టల వల్ల పుట్టిన అమ్మోనియా మామూలు పి.హెచ్.లో చాలా భాగం ప్రమాదం లేని రూపంలో ఉంటుంది. పి.హెచ్. ఎగబాకితే అదే అమ్మోనియా విషమవుతుంది. మధ్యాహ్నపు ఎండలో నాచు వల్ల నీటి పి.హెచ్. ఎలాగూ పెరిగి ఉంటుంది, దాని మీద యాష్ పడితే తెల్లవారేసరికి రైతు గట్టు మీద కూలబడవలసిందే. ఆ రైతు అప్పు ఖాతా మన కొట్టులోనే ఉంటుందని వేరే చెప్పనక్కరలేదు.

కోళ్ళ దాణా వారి కొనుగోళ్ళు ఎండాకాలానికి ముందు చూడవలసినవి. ఎండకు కోడి నోరు తెరిచి రొప్పుతుంది. రొప్పినకొద్దీ బొగ్గుపులుసు వాయువు బయటికి పోయి రక్తంలో బైకార్బొనేట్ తగ్గుతుంది. గుడ్డు పెంకు కాల్షియం కార్బొనేట్ గదా, దానికి కావలసిన ముడిసరుకు తగ్గితే పెంకు పలచబడి ట్రేలలో పగుళ్ళు పెరుగుతవి. అందుకే దాణాలో ఉప్పు కొంత తగ్గించి ఆ మేరకు సోడా బైకార్బ్ కలుపుతారు. ఎక్కువ దాణా తినే పాడి పశువులకు కడుపులో పులుపు పెరగకుండా ఇదే వాడతారు. పశువు లాలాజలంలో సహజంగానే ఇది ఉంటుంది, మనం ఇచ్చేది దానికి తోడు మాత్రమే.

మనిషి సంగతీ అంతే. రక్తంలో లీటరుకు సుమారు 24 మిల్లీమోల్స్ బైకార్బొనేట్ ఉండాలి. మూత్రపిండాలు చెడినవారికి చేసే డయాలసిస్ ద్రవంలో ఇది ముఖ్యమైన పదార్థం. అక్కడికి పోయేది ఐ.పి. గ్రేడు సరుకు, ధర వేరు, కాగితాలు వేరు. కడుపు ఉబ్బరానికి చిటికెడు సోడా వేసుకొనేవారికి ఒక మాట: దీనిలో 27 శాతం సోడియమే. రక్తపోటు ఉన్నవారు వైద్యుణ్ణి అడగాలి. (గోళీ సోడాకు ఈ గొడవ లేదు, అది సోడా అన్న పేరే గాని లోపల ఉన్నది నీటిలో ఎక్కించిన వాయువు.)

తిండి గ్రేడులో సీసం, ఆర్సెనిక్ వంటి వాటికి హద్దులున్నవి. పరిశ్రమ గ్రేడుకు ఆ హామీ లేదు. తోళ్ళ శుద్ధికి, అద్దకానికి తెచ్చిన బస్తా విప్పి చిల్లరగా బజ్జీల బండికి తూచి ఇవ్వడం నేరం, పైగా అనవసరం. ఒక వాయి మైసూరు బజ్జీకి పట్టే సోడా మీద మిగిలే పైసలు ఎన్ని? పాలకేంద్రాల చుట్టూ జరిగే వ్యవహారం ఇంకా చెడ్డది. పులిసిన పాలలో సోడా కలిపి పులుపు దాచేవారున్నారు. రోజాలిక్ ఆమ్లం పరీక్షలో ఆ పాలు గులాబీ రంగుకు తిరుగుతవి. అటువంటి వారికి తెలిసి సరుకు ఇచ్చినవాడు తరువాత అమాయకుడినంటే వినేదెవరు?

గోదాములో కూడా ఒక దొంగ ఉన్నాడు. బైకార్బొనేట్ 50 డిగ్రీల వేడి దాటితే మెల్లగా విడిపోయి యాష్‌గా మారుతుంది. రెంటచింతల వంటి చోట మే నెలలో రేకుల కప్పు కింద పై వరుస బస్తాల గతి ఊహించుకోవచ్చు. సంచి చిరగకుండా, పొడి రాలకుండా 50 కిలోల బస్తాలో కిలో తరుగు వస్తే, అది ఒక కిలో నష్టంగా రాసుకుంటే సరిపోదు. లెక్క ప్రకారం 2.7 కిలోల సరుకు పోయి, 1.7 కిలోల యాష్ లోపల చేరిందన్నమాట. బస్తా మీద పేరు మారలేదు, సరుకు మారింది.

దీనిని కనిపెట్టడానికి కొందరు దళారీలు అరచేతిలో పొడి పోసి నిమ్మరసం పిండి, పొంగు చూసి సరుకు అసలైనదంటారు. ఆ పొంగు యాష్‌కూ వస్తుంది, ఆ పరీక్షకు విలువ లేదు. చన్నీటిలో కొంచెం పొడి కరిగించి ఫినాఫ్తలీన్ చుక్క వేయాలి. మంచి బైకార్బొనేట్ రంగు ఇవ్వదు, ఇచ్చినా లేతగా ఉంటుంది. యాష్ ఉంటే ముదురు రాణీ రంగు తిరుగుతుంది. నీళ్ళు వేడిగా ఉండకూడదు, వేడికి మంచి సరుకు కూడా విడిపోయి తప్పు ఫలితం చూపుతుంది. హైస్కూలు ప్రయోగశాలలో ఉండే ఈ సీసా ప్రతి హోల్‌సేల్ కొట్టులో ఉండదగినదే.

వర్తక సంఘాలు ఒక తీర్మానం చేసుకొంటే మేలు. బిల్లులో రసాయనం పూర్తి పేరు, గ్రేడు, లాట్ నంబరు, తయారీ నెల రాయాలి. యాష్, బైకార్బ్ దొంతరలు వేరు వేరు గదులలో ఉండాలి. వేసవిలో లారీ దిగిన బస్తాలను కాటా వేసి, తరుగు ఎవరి ఖాతాలో పడేదీ ఆర్డరు నాడే రాసుకోవాలి. ఇప్పుడు ఆ తరుగు నోటి మాట మీద నడుస్తున్నది, చివరకు దానిని భరించేది చిల్లర కొట్టువాడే.