అమృతం అభిమానులది పాత రోజుల మీద బెంగ కాదు

‘అమృతం’ సీరియల్‌ను పదే పదే చూసేవాళ్ల గురించి ఒక అభిప్రాయం బాగా పాతుకుపోయింది. పత్రికల్లో రాసేవాళ్లు, చానళ్లలో కార్యక్రమాలు ఖరారు చేసేవాళ్లు, ఇంట్లో భోజనాల దగ్గర కబుర్లాడుకునేవాళ్లు అందరూ ఒకే మాట అంటున్నారు. అదంతా చిన్ననాటి మీద మమకారమట. ఆదివారం రాత్రి అన్నం తింటూ అమ్మానాన్నల పక్కన కూర్చుని జెమినీ టీవీ చూసిన రోజులు తిరిగిరావు కాబట్టి, వాటి బదులు ఆ సీరియల్ పెట్టుకుని తృప్తిపడుతున్నారట. ఈ మాట అనేవాళ్లు ప్రేమగానే అంటారు. అయినా నేను ఒప్పుకోను. ఆ సీరియల్ రాసినవాళ్లకూ తీసినవాళ్లకూ నటించినవాళ్లకూ దక్కాల్సిన గౌరవాన్ని వాళ్ల చేతుల్లోంచి లాక్కుని మన బాల్యానికి అప్పగించడం అన్యాయం.

2001 నవంబరు 18న మొదలైన ‘అమృతం’ 2007 నవంబరు 18న ముగిసింది. మొత్తం 313 భాగాలు. ‘లిటిల్ సోల్జర్స్’ సినిమా తీసిన గుణ్ణం గంగరాజు తన జస్ట్ ఎల్లో సంస్థ ద్వారా దీన్ని నిర్మించారు. ఆ ఆరేళ్లలో అదే హాల్లో, అదే టీవీలో, అదే అమ్మానాన్నల పక్కన కూర్చుని మనం చూసినవి ఇంకెన్నో ఉన్నాయి. రోజూ వచ్చే సీరియళ్లు చూశాం, పాటల పోటీలు చూశాం, ఫోన్ చేస్తే పాట వేసే కార్యక్రమాలు చూశాం. వాటిలో కొన్నింటి టైటిల్ పాటలు ఇప్పటికీ నోటికి వస్తాయి. మరి వాటి పాత భాగాలు వెతికి పెట్టుకుని, రాత్రి పదకొండింటికి ఇంకొక్కటి, ఇంకొక్కటి అనుకుంటూ చూసేవాళ్లు ఎందరున్నారు? బాల్యం అన్నింటికీ సమానంగానే పంచి ఇచ్చింది. ఒక్క ‘అమృతం’ మాత్రమే నిలబడిందంటే నిలబెట్టింది బాల్యం కాదు.

ఇంకో రుజువు కూడా ఉంది. 2014లో గంగరాజు గారే ‘అమృతం చందమామలో’ అనే సినిమా తీశారు. పేరు అదే, పాత్రలు అవే, సృష్టికర్త ఆయనే. 2020లో ‘అమృతం ద్వితీయం’ జీ5లో వచ్చింది. హర్షవర్ధన్ అమృతరావుగా, ఎల్.బి. శ్రీరామ్ అతని మిత్రుడు అంజి అనే ఆంజనేయులుగా చేశారు. ఈ రెండింటికీ పాత సీరియల్‌కు దక్కిన అభిమానం దక్కలేదు. జ్ఞాపకమే అంతా అయితే ఆ పేరు వినపడగానే జనం ఎగబడాలి. ఎగబడకుండా పాత భాగాల దగ్గరికే వెళ్లారు. అమృతం అభిమానికి పేరు మీద మోజు లేదు. ఆ అరగంట ఎలా రాశారో, ఎలా నడిచిందో ఆ నడక మీదే అతనికి ప్రేమ.

మా అన్నయ్య కూతురు ఆ సీరియల్ అయిపోయాక పుట్టింది. దాని బాల్యంలో జెమినీ ఆదివారాలు లేవు. ఇప్పుడు కాలేజీ హాస్టల్లో ఉంటుంది. మొన్న సెలవులకు మా ఇంటికి వచ్చినప్పుడు లాప్‌టాప్‌లో ఒక భాగం పెట్టింది. అమృతరావు కొత్త పథకం ఏదో చెబుతున్నాడు. పిల్ల ఆపి, వెనక్కి జరిపి, “అత్తా, ఈసారి డైలాగ్ వినకు, అంజి మొహమే చూడు” అంది. చూశాను. ముందు ఆ మొహంలో భయం. పథకం సగం విన్నాక ఆ కళ్లల్లో ఏదో లెక్క మొదలైంది. ఎంత వస్తుంది, తన వాటా ఎంత, భార్య శాంతకు ఏం చెప్పాలి అన్నీ అక్కడే కనపడుతున్నాయి. అమృతరావు మాట ముగిసేసరికి మొహం విప్పారింది. నోట మాట లేదు. ఆ మూడు దశలూ దాటడానికి గుండు హనుమంతరావు తీసుకున్న సమయం నాలుగు సెకన్లు ఉంటుందేమో. ఆ పిల్ల ఆ నాలుగు సెకన్లను మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పుకుని చూసింది. దానికి ఎవరూ నేర్పలేదు. మంచి నటనను ఎలా చూడాలో ‘అమృతం’ చూస్తూనే నేర్చుకుంది. దీన్ని మమకారం అంటే నేను ఒప్పుకోను. దీన్ని రసికత అనాలి.

ఈ సీరియల్‌కు భక్తుడిగా మారడంలో ఒక వరస ఉంటుంది. నాకు తెలిసిన చాలామంది అదే దారిలో వెళ్లారు. మొదట సర్వర్ సర్వం దగ్గర నవ్వుతారు. వాసు ఇంటూరి ఆ అమాయకపు గొంతుతో ఏమన్నా నవ్వు వస్తుంది. తర్వాత అంజి పట్టుకుంటాడు. ఆ తర్వాత కొన్నాళ్లకు ఇంటి ఓనరు అప్పాజీ కోసం ఎదురుచూడడం మొదలవుతుంది. శివన్నారాయణ గుమ్మంలోకి వచ్చి నిలబడితే చాలు, ఆ ఇంట్లో అద్దెకున్నవాళ్ల నోళ్లు పెగలవు. చూసేవాళ్లం కూడా సర్దుకుని కూర్చుంటాం. ఇవన్నీ దాటాక ఎప్పుడో అమృతరావు వైపు చూపు మళ్లుతుంది. అతనికి పెద్ద నవ్వులు ఉండవు. మిగతా అందరి నవ్వులకూ మూలం అతని ఆశ. ఆ పాత్ర ఆశపడకపోతే కథే లేదు. ఇది తెలిసిన రోజు నుంచి చూడడం మారిపోతుంది. కథ కోసం చూసేవాడు కాస్తా కట్టుబడి కోసం చూడడం మొదలుపెడతాడు.

ఆ కట్టుబడి గురించి ఎవరూ తగినంత మాట్లాడలేదని నా బాధ. ‘అమృతం’ కథలన్నీ ఒక్క సూత్రం మీద నడుస్తాయి. అమృత విలాస్ అనే హోటలు నడవదు. అక్కడి తిండి బాగుండదు. తిండి బాగుచేసుకుంటే సరిపోతుంది, కానీ ఆ ఇద్దరు మిత్రులూ ఆ ఒక్క పనీ చేయరు. దాని బదులు అడ్డదారి వెతుకుతారు. అడ్డదారికి ఒక అబద్ధం కావాలి. ఆ అబద్ధం అమృతరావు భార్య సంజీవిని దగ్గరా శాంత దగ్గరా నిలబడాలంటే ఇంకో అబద్ధం కావాలి. ఈలోగా అప్పాజీ వస్తాడు. ఆయనకు మూడో అబద్ధం. చివరికి మూడూ ఒకే గదిలో ఎదురుపడతాయి. ఆలోచన ఎవరికి వచ్చినా ఇద్దరూ కలిసే మునుగుతారు. నష్టం బయటివాళ్లకు పోదు, తిరిగి వాళ్ల నెత్తినే పడుతుంది. వచ్చే ఆదివారం మళ్లీ మొదటికే.

చెప్పినప్పుడు తేలిగ్గా ఉంది. వారం వారం ఆరేళ్లు ఇలా అల్లడానికి ఎంత బుర్ర ఉండాలో ఆలోచించండి. మొదటి రెండు నిమిషాల్లో అనుకోకుండా అన్నట్టు దొర్లిన మాట ఇరవయ్యో నిమిషంలో వచ్చి మెడకు చుట్టుకోవాలి. దొర్లినప్పుడు ప్రేక్షకుడికి అనుమానం రాకూడదు, చుట్టుకున్నప్పుడు మాత్రం ‘అవును కదా’ అనిపించాలి. అపరాధ పరిశోధన కథ రాసేవాడు పడే శ్రమే ఇది. ఆ పైన నవ్వించాలి కూడా. గంగరాజుతో పాటు ఎస్.ఎస్. కాంచి, హర్షవర్ధన్ లాంటివాళ్లు ఇందులో పనిచేశారు. కాంచి తర్వాత ‘మర్యాద రామన్న’కు కథ ఇచ్చారు, హర్షవర్ధన్ ‘మనం’కు మాటలు రాశారు. రాయడం మీద ప్రాణం పెట్టినవాళ్లు కాబట్టే ఆ సీరియల్ అలా వచ్చింది.

పాత్రలు ఎంత గట్టిగా రాశారో తెలియాలంటే ఒక విషయం చాలు. అమృతరావు పాత్రను ముగ్గురు నటులు వేశారు. శివాజీ రాజా, నరేష్, హర్షవర్ధన్. సంజీవిని పాత్రకు కూడా ఝాన్సీ తర్వాత వేరేవాళ్లు వచ్చారు. కథకు మధ్యలో ఉన్నవాడే మారిపోతే మామూలు సీరియల్ కుప్పకూలుతుంది. ఇది కూలలేదు. శివాజీ రాజా అమృతరావులో ఒక గడుసుదనం ఉంది, నరేష్ అమృతరావులో కంగారు ఎక్కువ. మనిషి మారినా ఆశ మారలేదు. అభిమానులు ఇప్పటికీ ఎవరు బాగా చేశారని గంటల తరబడి వాదించుకుంటారు. నాకు శివాజీ రాజాయే ఎక్కువ ఇష్టం. కాదనేవాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు.

ఈ వాదనలే నా మాటకు సాక్ష్యం. జ్ఞాపకాలను ప్రేమించేవాడు వాటిలో తప్పులు పట్టడు. అమృతం అభిమాని పడతాడు. 313 భాగాలూ గొప్పవని నిజమైన అభిమాని ఎవడూ అనడు. కొన్ని సాగదీశారు, కొన్నింటిలో ముగింపు తొందరపడి కట్టేశారు. సంజీవిని, శాంతల చేత భర్తలను నిలదీయించడంతో సరిపెట్టిన భాగాలు చాలానే ఉన్నాయి. ఝాన్సీ, రాగిణి లాంటి నటులు దొరికినప్పుడు వాళ్లకు కూడా సొంత ఆశలూ సొంత పథకాలూ ఇంకా ఎక్కువ ఇవ్వాల్సింది. నేనీ మాట ఆ సీరియల్‌ను ప్రేమిస్తూనే అంటున్నాను, ప్రేమిస్తున్నాను కాబట్టే అంటున్నాను.

మరో మెప్పుదల ఉంది. అది కూడా నాకు కష్టంగానే ఉంటుంది. “ఎంత శుభ్రమైన హాస్యం! ఇంటిల్లిపాదీ కూర్చుని చూడొచ్చు” అంటారు. నిజమే, చూడొచ్చు. కానీ శుభ్రంగా ఉన్నవి చాలా వచ్చాయి, వెళ్లిపోయాయి. బూతు లేకపోవడమే గొప్పతనమైతే వార్తల్లో వాతావరణ సూచన కూడా గొప్ప హాస్యమే అవ్వాలి. ‘అమృతం’లో బూతు లేకపోవడానికి కారణం దాని అవసరం పడకపోవడం. మాటకు మాట పుట్టి, అబద్ధానికి అబద్ధం పుట్టి, పరిస్థితే నవ్విస్తున్నప్పుడు రచయిత వేరే చోటికి చెయ్యి చాపనక్కర్లేదు. ఒకరి రంగు మీదో, లావు మీదో, ఆడవేషం మీదో నవ్వు పుట్టించే అలవాటు మన తెర మీద బాగా స్థిరపడింది. అక్కడ కూడా కొరత మర్యాదకు కాదు, రాసేవాళ్లకు. అది చెప్పకుండా శుభ్రత గురించే మాట్లాడితే ఆ కొరత ఎవరికీ కనపడదు.

చూసిందే చూడడం కాలక్షేపం అనేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లు మన ఆటల చరిత్ర మరిచిపోయారు. ‘కన్యాశుల్కం’ తొలిసారి 1892లో ఆడారు. అప్పటి నుంచి ఆ నాటకం చూడ్డానికి వచ్చినవాళ్లలో చాలామందికి గిరీశం ఏమంటాడో ముందే తెలుసు. తెలుసు కాబట్టే, ఈ నటుడు ఆ మాట ఎలా అంటాడో చూద్దామని వచ్చారు. పద్యనాటకాల్లో వన్స్‌మోర్ కొట్టి అదే పద్యం మళ్లీ పాడించుకున్న జాతి మనది. 1957లో వచ్చిన ‘మాయాబజార్’ కథ తెలియక ఎవరు చూస్తున్నారు ఇప్పుడు? ఏం జరుగుతుందో తెలిసిన తర్వాతే ఎలా జరుగుతోందో చూసే తీరిక వస్తుంది. అంజి పథకం బెడిసికొడుతుందని తెలిసి చూసేవాడు మొదటిసారి చూసేవాడి కన్నా ఎక్కువ చూస్తాడు.

సిరివెన్నెల సీతారామశాస్త్రి రాసి, కల్యాణి మాలిక్ స్వరపరిచిన ఆ టైటిల్ పాట మొదలైతే నాకూ గొంతు పట్టేస్తుంది. గుండు హనుమంతరావు 2018 ఫిబ్రవరిలో పోయారు. ఆ తర్వాత కొన్ని వారాలు నేను ఆ సీరియల్ పెట్టలేకపోయాను. ఇదంతా ఉంది, నిజమే. కానీ ఆ బెంగ నాచేత ఒక్క భాగం పెట్టిస్తుంది, అంతే. రెండోది పెట్టించేది రచన.

ఇంత పట్టుపట్టి వాదించడానికి కారణం ఉంది. “ఆ రోజులు వేరు” అనే మాట చానళ్లకు మంచి సాకుగా మారింది. అభిమానం పాత రోజుల మీదే అయితే ఇప్పుడు అలాంటిది రాయించాల్సిన పని ఎవరికీ లేదు. రోజూ ప్రసారమయ్యే సీరియల్‌కు స్క్రిప్టు షూటింగు స్పాట్‌లోనే వస్తుంటే, అందులో మొదటి నిమిషంలో వేసిన ముడి ఇరవయ్యో నిమిషంలో విప్పే ఓపిక ఎవరికి ఉంటుంది? కాబట్టి తప్పు కాలానిదని తేల్చేసి చేతులు దులుపుకుంటున్నారు.

‘అమృతం’కు ఏం దొరికిందో చూడండి. పక్కపక్కన రెండు వాటాలు, ఒక హోటలు సెట్టు. పెద్ద హీరోలు లేరు, విదేశీ లొకేషన్లు లేవు. వారానికి ఒక అరగంట, దాన్ని రాయడానికి తెలివైన మనుషులు, వాళ్ల జోలికి పోకుండా ఉన్న నిర్మాత. ఇందులో ఏ ఒక్కటీ 2007తో అంతరించిపోలేదు. అద్దె ఇళ్లు ఉన్నాయి, నడవని హోటళ్లు ఉన్నాయి, రాత్రికి రాత్రి కోటీశ్వరులమవ్వాలనే ఆశ అప్పటికన్నా ఇప్పుడే ఎక్కువ ఉంది. చిట్టీల బదులు ఆన్‌లైన్ యాప్‌లు వచ్చాయి. బోర్డు తిప్పేసేవాళ్లు మాత్రం అలాగే ఉన్నారు. షార్ట్‌ఫిల్ములు, వెబ్ సిరీస్‌లు రాసుకుంటూ ఒక అవకాశం కోసం కృష్ణానగర్లో తిరుగుతున్న కుర్రవాళ్లూ అమ్మాయిలూ ఉన్నారు. వాళ్లలో నలుగురిని కూర్చోబెట్టి, ఆరునెలలు జీతం ఇచ్చి, ఇరవై ఆరు స్క్రిప్టులు పూర్తిగా చేతికొచ్చేదాకా కెమెరా తీయకుండా ఆగే చానల్ ఒక్కటి కావాలి.