పిల్లవాడి ఎదుగుదల ఎవరి ఖాతాలో జమ?

"ఆటిజానికి శాశ్వత పరిష్కారం" అనే ప్రకటన పేపర్లో కనిపించిన ప్రతిసారీ నాకు ముందు గుర్తొచ్చేది సైన్సు కాదు, లెక్కలు. నేను డాక్టర్ని కాను. బీకాం చదివి, రక్షణ శాఖ పద్దుల విభాగంలో ముప్పై నాలుగేళ్ళు బిల్లులు చూసి రిటైరైనవాణ్ణి. యుద్ధ విమానం ఎలా ఎగురుతుందో నాకు తెలియదు. అయితే బిల్లులో రాసిన సరుకు స్టోర్సులోకి వచ్చిందా లేదా అని అడగడానికి విమానం నడపడం రానక్కర్లేదు కదా. ఆటిజం పేరు మీద మన దేశంలో జరుగుతున్న వ్యాపారాన్ని ఈ ఒక్క ప్రశ్నతో పరిశీలించొచ్చు. డబ్బు చెల్లించారు, సరే. సరుకు అందిందా? అందిందని సంతకం పెట్టినవాడెవడు?

మా మేనల్లుడి కొడుకుకి ఇప్పుడు ఏడేళ్ళు. మూడో ఏట ఆటిజం అని తేలింది. ఇన్‌కమ్ టాక్సులో ఏమైనా మినహాయింపు దొరుకుతుందేమో చూడు మావయ్యా అని అతను ఒక ఫైలు నా చేతికిచ్చాడు. కాగితాల వెనక ఉన్న కథ అతని నోటే విన్నాను. మాటలు రావడానికి నాలిక మీద వస రాయడంతో మొదలైంది. వస పోస్తే వసపిట్టలా మాట్లాడతారని మనవాళ్ళకి తరతరాల నమ్మకం. అదే వసని అమెరికాలో 1968లోనే ఆహార పదార్థాల్లో వాడకుండా నిషేధించారన్న సంగతి ఆ పిల్లవాడి నాయనమ్మకి ఎవరూ చెప్పలేదు. తరవాత తాయెత్తు. తరవాత ఒక గుళ్ళో మూడు నిద్రలు. ఇక్కడిదాకా మన హేతువాదులకి బాగా తెలిసిన దారే.

అక్కణ్ణించి తెల్లకోటు దారి మొదలైంది. పాలు, గోధుమలు మాన్పించే పథ్యం. వెంట్రుకలు విదేశానికి పంపి ఒంట్లో లోహాలు కొలిపించిన రిపోర్టు. ఆక్సిజన్ గదిలో నలభై సిట్టింగులు. అన్నిటికన్నా పైన స్టెమ్ సెల్ చికిత్సకి ఇచ్చిన ఎస్టిమేటు, మా మేనల్లుడి రెండేళ్ళ జీతమంత. ఎస్టిమేటు అడుగున చిన్న అక్షరాల్లో "ఫలితాలు పిల్లవాణ్ణి బట్టి మారవచ్చు" అని ఉంది. తాయెత్తు కట్టినవాడూ ఇదే మాట అన్నాడు. కాకపోతే అతను నోటితో అన్నాడు, వీళ్ళు అచ్చు వేయించారు.

అంత లావు ఫైల్లో నాకు కనపడనిది ఒకటుంది. ఓపెనింగ్ బ్యాలెన్సు. చికిత్స మొదలుపెట్టిన రోజున పిల్లవాడు ఏం చెయ్యగలడు, ఏం చెయ్యలేడు అన్న లెక్క ఎక్కడా లేదు. అది లేకుండా "బాగా ఇంప్రూవ్‌మెంట్ ఉంది" అని రాస్తే ఏ ఆడిటరు ఒప్పుకుంటాడు?

ఆటిజం ఉన్న పిల్లలు ఎదగరని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. వాళ్ళూ ఎదుగుతారు. తమ వేగంలో, తమ వరసలో, ఒకచోట ఆగి మరోచోట దూకి ఎదుగుతారు. మూడేళ్ళప్పుడు మాటల్లేని పిల్లల్లో చాలామందికి తరవాతి ఏళ్ళలో ఎన్నో కొన్ని మాటలు వస్తాయి. ఏ పిల్లవాడికి ఎప్పుడొస్తాయో ముందుగా ఎవరూ చెప్పలేరు. వ్యాపారం నడిచేది సరిగ్గా ఇక్కడే. ఆక్సిజన్ గదికి వెళ్ళిన మూడు నెలల్లో పిల్లవాడు "అమ్మ" అన్నాడనుకోండి, ఆ జమ ఆక్సిజన్ గది ఖాతాలో పడుతుంది. అనలేదనుకోండి, ఆ ఖర్చు తల్లి ఖాతాలో రాస్తారు. "లేటుగా తీసుకొచ్చారు", "పథ్యం సరిగ్గా చేయించలేదు", "మధ్యలో మానేశారు". లాభమొస్తే నాది, నష్టమొస్తే నీది! ఇలాంటి పుస్తకాలు రాసే కంపెనీని మనం దివాలా కంపెనీ అనం, దొంగ కంపెనీ అంటాం.

ఇది నా ఊహ కాదు, దీనికి ఒక మంచి ఆడిట్ జరిగింది. సెక్రెటిన్ అని జీర్ణక్రియకి సంబంధించిన ఒక హార్మోను ఉంది. పరీక్ష కోసం దాన్ని ఎక్కించాక ఆటిజం ఉన్న ముగ్గురు పిల్లల్లో మార్పు కనిపించిందని 1998లో అమెరికాలో ఒక రిపోర్టు వచ్చింది. టీవీలో చూపించారు. తల్లిదండ్రులు ఎగబడ్డారు, ధర ఆకాశాన్నంటింది. అప్పుడు కొందరు డాక్టర్లు 60 మంది పిల్లల్ని తీసుకుని సగం మందికి సెక్రెటిన్, సగం మందికి ఉప్పునీళ్ళు ఎక్కించారు. ఎవరికి ఏది ఎక్కిందో తల్లిదండ్రులకి తెలియదు, పిల్లల్ని అంచనా వేసినవాళ్ళకీ తెలియదు. ఫలితం 1999 డిసెంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. రెండు గుంపుల్లోనూ మెరుగుదల కనిపించింది. ఉప్పునీళ్ళ గుంపు సెక్రెటిన్ గుంపుకి ఏమాత్రం తీసిపోలేదు. అసలు విశేషం ఆ తరవాతది. ఫలితం చెప్పాక కూడా నూటికి 69 మంది తల్లిదండ్రులు తమ పిల్లలకి సెక్రెటిన్ ఇప్పించాలనే ఉందన్నారు.

ఈ 69 అంకె చూసి మనలో కొందరు నవ్వుతారు. నవ్వొద్దని నా మనవి. ఆ తల్లిదండ్రులు మూర్ఖులు కారు. పిల్లవాడు బాగా ఇబ్బంది పడుతున్న రోజుల్లోనే మనం డాక్టరు దగ్గరికి పరిగెడతాం. బాగా చెడ్డ రోజుల తరవాత ఎలాగూ కాస్త మంచి రోజులొస్తాయి. చికిత్స మొదలుపెట్టాక మనం పిల్లవాణ్ణి ఇంకా దగ్గరగా గమనిస్తాం, ఇంకా ఎక్కువ మాట్లాడిస్తాం. ఎప్పట్నుంచో చేస్తున్న పని కూడా ఆ రోజే కొత్తగా కంటపడుతుంది. ప్రేమ ఉన్నచోట ఈ పొరపాటు ఖాయం. బెర్నార్డ్ రిమ్‌లాండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కథే చూడండి. తల్లులు ప్రేమ చూపించకపోవడం వల్లే ఆటిజం వస్తుందన్న దిక్కుమాలిన సిద్ధాంతాన్ని 1964లో పుస్తకం రాసి చావుదెబ్బ కొట్టాడు. ఆయన కొడుక్కీ ఆటిజం ఉంది. అంత తర్కం తెలిసిన మనిషే తరవాతి కాలంలో బి6 విటమిన్‌నీ, సెక్రెటిన్‌నీ భుజాన వేసుకుని తిరిగాడు. అంచేత తప్పు తెలివితేటలది కాదు, సరైన లెక్క లేకపోవడానిది. అలాంటి లెక్క రాయించాల్సిన బాధ్యత డబ్బు పుచ్చుకునేవాడిది, ఏడుస్తున్న తల్లిది కాదు.

ఇక స్టెమ్ సెల్ సంగతి. ఇది అడివిలో నాటు మందు కాదు, ఏసీ గదుల్లో జరుగుతుంది కాబట్టి చదువుకున్నవాళ్ళు ఎక్కువగా పడుతున్నారు. 2017లో భారత వైద్య పరిశోధన మండలి, బయోటెక్నాలజీ విభాగం కలిసి ఇచ్చిన జాతీయ మార్గదర్శకాల ప్రకారం, రక్త సంబంధమైన కొన్ని జబ్బుల్లాంటి ఆమోదం పొందినవాటికి తప్ప, స్టెమ్ సెల్స్ ఎక్కించాలంటే అనుమతి ఉన్న క్లినికల్ ట్రయల్లోనే ఎక్కించాలి. 2022 డిసెంబరులో జాతీయ వైద్య కమిషన్‌కి చెందిన ఎథిక్స్ బోర్డు ఇంకా స్పష్టంగా చెప్పింది. ఆటిజానికి ఈ చికిత్సని సిఫారసు చెయ్యడం లేదనీ, దాన్ని రాసిచ్చినా, ప్రచారం చేసినా వృత్తిపరమైన దుష్ప్రవర్తన కిందికి వస్తుందనీ. నేను చెప్పేది ఒక్కటే. అది ట్రయలైతే, పరిశోధన ఖర్చు పాల్గొన్నవాళ్ళ నెత్తిన వెయ్యకూడదని మన దేశ నైతిక నియమాలే చెబుతున్నాయి. రుజువైన చికిత్సైతే రుజువు చూపించాలి. "ఇది రీసెర్చి" అంటూనే బిల్లు చేతిలో పెట్టేవాడు ఒకే ఖర్చుని రెండు పద్దుల్లో చూపిస్తున్నాడన్నమాట. మా ఆఫీసులో దానికి ఛార్జిషీటు ఇచ్చేవాళ్ళు.

"పోనీలెండి, ఏదో ఒక ఆశ. పోయేదేముంది?" అని అడిగేవాళ్ళుంటారు. పోయేదేముందో చెబుతాను. 2005లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒంట్లోంచి లోహాలు తీసేస్తామని ఐదేళ్ళ ఆటిజం పిల్లవాడికి సిరలోకి మందెక్కించారు. ఒంట్లో కాల్షియం పడిపోయి, గుండె ఆగి ఆ పిల్లవాడు చనిపోయాడు. లాన్సెట్‌లో 1998లో 12 మంది పిల్లల మీద వచ్చిన ఒక పేపరు చూసి లక్షలమంది ఎమ్మెమ్మార్ టీకాకి భయపడ్డారు. ఆ పేపర్ని 2010లో పత్రికే వెనక్కి తీసుకుంది, అదే ఏడు ఆ డాక్టరు పేరు బ్రిటన్ వైద్యుల జాబితాలోంచి కొట్టేశారు. 2019లో డెన్మార్కులో 6,57,461 మంది పిల్లల రికార్డులు చూస్తే టీకాకీ ఆటిజానికీ సంబంధం కనపడలేదు. అయినా మా కాలనీలో ఆ భయంతో రెండో బిడ్డకి టీకా మానేసిన ఇల్లు నాకు తెలుసు. ఆశకి ధర ఉంటుందండీ. ఆ ధర పిల్లలు కడతారు.

డబ్బు మించి పోయేది కాలం. అదే డబ్బు, అదే మూడేళ్ళు పనికొచ్చేవాటి మీద పెట్టి ఉండొచ్చు. పనికొచ్చేవి ఉన్నాయి. మాట రాని పిల్లవాడికి బొమ్మ కార్డు చూపించి నీళ్ళు అడగడం నేర్పొచ్చు. పళ్ళు తోముకోవడాన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి నేర్పొచ్చు. కడుపు నొప్పంటే చేత్తో చూపించడం నేర్పొచ్చు. 2016లో గోవాలోనూ, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ 65 మంది పిల్లలతో ఒక అధ్యయనం జరిగింది. పెద్ద పెద్ద స్పెషలిస్టులు కాదు, శిక్షణ ఇచ్చిన మామూలు ఆరోగ్య కార్యకర్తలు పని చేశారు. తల్లి, బిడ్డ ఆడుకుంటుంటే వీడియో తీసి, ఆ వీడియోని తల్లితో కలిసి చూసి, బిడ్డ దృష్టి ఎటుందో అటు వెళ్ళడం నేర్పారు. దీన్ని కూడా సగం మందికి ఇచ్చి, సగం మందికి ఇవ్వకుండా పోల్చి చూశారు. తల్లుల స్పందన మెరుగైంది, పిల్లలు తమంతట తాము పలకరించడం పెరిగింది. ఇద్దరూ కలిసి ఒకే వస్తువు మీద ధ్యాస పెట్టే సమయం మాత్రం తగ్గింది. ఆ తగ్గిందన్న సంగతి కూడా వాళ్ళే రాశారు చూశారా? నిజాయితీగా రాసిన జమాఖర్చు అలా ఉంటుంది. అందులో నష్టం కాలమ్ ఖాళీగా ఉండదు.

థెరపీ సెంటర్లకీ ఇదే కొలబద్ద. "ఆరు నెలల్లో మామూలు బడికి పంపిస్తాం" అని గంటల లెక్కన ఫీజు వసూలు చేసేవాడికీ, తాయెత్తువాడికీ నేను వేరే రూలు పెట్టను. తల్లిదండ్రులు ఎవర్నైనా అడగాల్సినవి నాలుగున్నాయి. ఇవాళ మా వాడు ఏం చెయ్యగలడో రాసిస్తారా? మూడు నెలల తరవాత సరిగ్గా ఏ పని మారాలి? ఈ పద్ధతిని ఇంకొక గుంపుతో పోల్చి చూసిన అధ్యయనం ఉందా? మార్పు రాకపోతే ఆపేద్దామని మీరే చెబుతారా? చివరి ప్రశ్నకి అవునన్నవాడి దగ్గర కూర్చోండి. నీళ్ళు నమిలినవాడి దగ్గర్నించి లేచి రండి.

హేతువాద సంఘాల మిత్రులకి ఒక మాట. నిప్పుల మీద నడిచి చూపించాం, గాల్లోంచి విభూతి తీసి చూపించాం, మంచిదే. కానీ "తాయెత్తు కట్టించకండి" అని చెప్పి ఇంటికెళ్ళిపోతే ఆ తల్లి మరుసటి రోజు స్టెమ్ సెల్ గుమ్మం ఎక్కుతుంది. ఆమెకి మనం చూపించిన రెండో గుమ్మం ఏది? 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో జాతీయ సంస్థ ఉంది, జిల్లాల్లో ప్రభుత్వ సత్వర చికిత్సా కేంద్రాలున్నాయి, నేషనల్ ట్రస్టు వారి నిరామయ పథకంలో లక్ష రూపాయల దాకా ఆరోగ్య బీమా ఉంది. ఇవి చాలవు. వరసలు పొడుగు, సిబ్బంది తక్కువ, ఫారాలు ఎక్కువ. మోసగాళ్ళకి గిరాకీ పెంచుతున్నది ఈ ఖాళీయే. ఫారం నింపడం, సర్టిఫికెట్ కోసం తిరగడం, బడిలో సీటివ్వనన్న హెడ్మాస్టరుకి చట్టం చూపించడం - ఇవి నాలాంటి రిటైరైన గుమాస్తాలు చెయ్యగల పనులు. సంఘానికి పదిమంది చొప్పున ముందుకొస్తే చాలు. మూఢనమ్మకం పొమ్మంటే పోదు, దాని కుర్చీలో ఇంకొకరు కూర్చోవాలి.